పడుకుని పుట్టిన రాయి

రాయికి పడక అనేది ఉంటుందా, ఉండదా? పదకొండేళ్ళుగా మేస్త్రి మనసులో ఈ అనుమానం ఉంది. ఎవరినీ అడగలేదు. అడిగితే తనకు తెలియదని ఒప్పుకున్నట్టవుతుంది. రోజూ పొద్దున్నే చేతులు జోడించి నిలబడినప్పుడు దేవుణ్ణి అడగొచ్చు. అన్నీ తెలిసినవాణ్ణి అడగడంలో చిన్నతనమేమీ లేదు. కానీ ఆయన తిరిగి ‘ఇప్పుడెందుకు అడుగుతున్నావు?’ అంటే ఏం చెప్పాలో తోచక, ఆ మాట వదిలేసి తక్కినవన్నీ అడిగేవాడు. ఆరోగ్యం, పని, ఇంటిల్లిపాదికీ చల్లని చూపు.

ఊళ్ళో అతన్ని ఖంగు మేస్త్రి అంటారు. నల్లరాయి తప్ప మరో రాయి ముట్టడు. పని మొదలెట్టే ముందు ప్రతి రాయినీ సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి చెవి ఒగ్గి వింటాడు. ఖంగుమంటే మంచి రాయి. థప్పుమంటే లోపల పగులుందన్నమాట, పక్కన పడేస్తాడు. ఇందులో అతని చెవి ఇంతవరకూ తప్పలేదు.

మంగళవారం మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చాడు. అతని భార్య ఆడపిల్లల బడిలో ఆయా. గంట కొట్టడం, నీళ్ళు పట్టడం, దెబ్బ తగిలిన మోకాలికి మందు రాయడం అన్నీ ఆమే. మధ్యాహ్నం గంట కొట్టి, పరుగున వచ్చి ఇతనికి పెట్టి, మళ్ళీ పరుగున వెళుతుంది.

“శనివారానికి నా మంచి చీర ఇస్త్రీ చేయించాలి” అంది వడ్డిస్తూ.

“ఎవరి పెళ్ళి?”

“పెళ్ళి కాదయ్యా, ఫోటో. బడికి పాతికేళ్ళు నిండాయట. పిల్లలందర్నీ మేడమీది వసారాలో నిలబెడతారు. నూట నలభై మంది. ఫోటో ఆయన కింద వాకిట్లోంచి తీస్తాడు. ఆయా లేకపోతే బడేంటి, నువ్వూ ముందు వరసలో నిలబడమంది హెడ్మాస్టరమ్మ.”

మేస్త్రి చేతిలో ముద్ద నోటిదాకా రాలేదు.

“నూట నలభై మందా? ఒకేసారా?”

“ఒకేసారి కాకపోతే విడతలుగా తీస్తారా? నీ వసారాయేగా! ఏనుగు నడిచినా కదలదని నువ్వే అంటావు.”

అవును, అతనే అన్నాడు. నలుగురిలో అన్నాడు, చాలాసార్లు అన్నాడు. ఆ వసారా కింద గోడలోంచి బారెడు బయటికి పొడుచుకొచ్చి, బరువంతా మోసే రాళ్ళు ఆరు. ఆరూ నల్లరాళ్ళేనని ఊరంతటికీ తెలుసు. అయిదేనని అతనికి తెలుసు.

“కూర బాగాలేదా?” అంది భార్య.

“బాగుంది.”

“ఒక్క ముద్దకే తెలిసిందా?” అని నవ్వి, గడియారం చూసి, కొంగు దోపుకుని వెళ్ళిపోయింది. ఆమె చెప్పుల చప్పుడు వీధి చివరిదాకా వినిపించింది. ఆ చప్పుడు వింటూ మేస్త్రి అలాగే కూర్చున్నాడు. చెయ్యి ఎండిపోయింది.

*

బుధవారం పొద్దున మెట్టు ఒకటి సరిచేయాలన్న మిషతో బడికి వెళ్ళాడు. వసారా కింద నిలబడి పైకి చూశాడు. ఆరు రాళ్ళూ తెల్లగా, ఒకే తీరుగా, ఏటేటా పూసిన సున్నం కింద కవల పిల్లల్లా ఉన్నాయి. మెట్ల వైపు నుంచి రెండోది ఆ రాయి. పొరరాయి.

పదకొండేళ్ళ కిందట బడికి ఈ మేడ కట్టేటప్పుడు ఆరో నల్లరాయి చెక్కుతుండగా విరిగింది. కాంట్రాక్టరు ఆగనన్నాడు. పొరరాళ్ళను పలకలుగా చీల్చి అమ్మే పలకల తాత బండిలో గచ్చుకోసం తెచ్చిన రాళ్ళలో ఒక మందపాటి ఇసుకరాయి ఉంటే, అది లాక్కుని చెక్కేశాడు మేస్త్రి. నల్లరాయికి పట్టే సమయంలో సగానికే అయిపోయింది. వెన్నలా తెగుతోందే అని ముచ్చట కూడా పడ్డాడు. తాత వంగి చూసి, “ఒరే, పొరలు గోడవైపుకి నిలబడేట్టు చెక్కావు. పడక చూసుకోవద్దూ?” అన్నాడు. చుట్టూ కూలీలున్నారు. “రాయికి పడకా? తలగడ కూడా వేయమంటావా తాతా?” అన్నాడు మేస్త్రి. అందరూ పకపకా నవ్వారు. తాత బండి తోలుకుని వెళ్ళిపోయాడు. ఆ మర్నాటి నుంచి మేస్త్రికి రెండు రోజులు జ్వరం. లేచి వచ్చేసరికి కూలీలు ఆరింటినీ గోడలో బిగించి, సున్నం కూడా కొట్టేశారు.

పైన వసారాలో ఎవరో పిల్ల పరిగెత్తింది. మేస్త్రి గుండె ఆ అడుగుల కింద పడి నలిగినట్టయింది.

పక్క గదిలో పాఠం నడుస్తోంది. సైన్సు టీచరమ్మ చెబుతుంటే పిల్లలు రాగం తీస్తున్నారు. “అగ్ని శిలలు! భూమి లోపల కరిగిన పదార్థం చల్లారి గట్టిపడితే ఏర్పడతాయి! అవక్షేప శిలలు! నీటి అడుగున ఇసుక, మట్టి పొరలు పొరలుగా పేరుకుని గట్టిపడితే ఏర్పడతాయి!”

టీచరమ్మ గుమ్మంలోంచి అతన్ని చూసింది. “మేస్త్రిగారూ, సమయానికి వచ్చారు. పుస్తకంలో బొమ్మ చూపిస్తే వీళ్ళకి ఎక్కడం లేదు. ఈ రెంటికీ తేడా ఏంటో మీరు చెప్పండి.”

బల్లమీద రెండు రాళ్ళున్నాయి, ఒకటి నల్లది, ఒకటి గోధుమరంగుది. నలభై జతల కళ్ళు అతని మీద పడ్డాయి. మేస్త్రి చెమట తుడుచుకుని నల్లరాయి చేతికి తీసుకున్నాడు.

“దీన్ని దగ్గర పెట్టుకుని చూడండమ్మా. ఉప్పు, మిరియాలు కలిపి చల్లినట్టు లేదూ? గింజలన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఎటు కొట్టినా ఒకటే బలం.” సుత్తితో తాటించాడు. ఖంగుమంది. పిల్లలు ఓహో అన్నారు.

“ఇదేమో...” రెండోది ఎత్తాడు. “గీతలు చూశారా? చాపలు మడిచి ఒకదానిమీద ఒకటి పెట్టినట్టు. గోటితో గీకితే ఇసుక రాలుతుంది.”

“రెంటిలో ఏది నమ్మచ్చండీ?” ముందు బల్లలో రెండు జడల పిల్ల అడిగింది.

“నల్లరాయే అమ్మా.”

“మా వసారాకి వేసింది అదేనా?”

టీచరమ్మ చిరునవ్వుతో చూస్తోంది. గుమ్మంలో నీళ్ళ బిందెతో అతని భార్య నిలబడి ఉంది, మొగుడు పాఠం చెబుతున్నాడని మొహమంతా వెలుగే.

“అదే” అన్నాడు మేస్త్రి. “ఆరూ అవే.”

పిల్లలకు అబద్ధం చెప్పడం ఇంత తేలికా అనిపించింది.

అయినా ధైర్యం చేసి హెడ్మాస్టరమ్మ గదిలోకి వెళ్ళాడు. “అమ్మా, ఒక్కసారి పరంజా కట్టి వసారా కింద చూసుకుంటాను. ఒక్క పూట పని.”

ఆమె కాగితాల్లోంచి తల ఎత్తలేదు. “శనివారం పెద్దవాళ్ళొస్తున్నారు మేస్త్రీ. కొత్తగా సున్నం కొట్టించాను. ఇప్పుడు గోడకి కర్రలు ఆనిస్తే మరకలవుతాయి. ఏమైనా అయిందా?”

“ఏం కాలేదు. ఊరికే.”

“ఊరికే అయితే సోమవారం చూసుకోండి. అన్నట్టు కొత్త గదుల పని మీకే ఇద్దామని కమిటీలో చెప్పాను.”

దండం పెట్టి బయటికొచ్చాడు. ఆ ‘ఊరికే’ అన్న మాట దారిపొడుగునా చెప్పులో ముల్లులా గుచ్చుతూనే ఉంది.

*

గురువారం పొద్దున చేతులు జోడించి నిలబడ్డాడు గానీ ఏ మాటా రాలేదు. ప్రార్థన చేస్తే భయం పోతుందంటారు. అతనికి మాత్రం కళ్ళు మూసుకున్నప్పుడల్లా ముందు వరస, ఆ వరసలో ఇస్త్రీ చీర కనిపించాయి. భయం కూడా దేవుడు పంపేదేనా? అయితే దేనికి పంపినట్టు? అలా ఆలోచిస్తూనే పలకల తాత పాక దారి పట్టాడు. పదకొండేళ్ళలో అటు వెళ్ళడం ఇదే మొదటిసారి.

తాత నేలమీద కూర్చుని మంచమంత బండను చీలుస్తున్నాడు. తాతకి ఎనభై దగ్గర పడ్డాయి, ఎడమ చెయ్యి సరిగా ఆడదు. బండ అంచున జానెడుకొకటి చొప్పున సన్నని ఇనుప చీలలు దిగేసి, ఒక్కోదాన్నీ ఒక్కొక్క చిన్న దెబ్బే కొడుతూ పోతున్నాడు. కొట్టి ఆగుతాడు, మళ్ళీ కొడతాడు. బండతో మంతనాలాడుతున్నట్టుంది. ఆఖరికి చిట్‌మని చిన్న శబ్దం. పైపొర దానంతటదే లేచింది, లోపలి ముఖం తడితడిగా, నీటి అలల గుర్తులతో బయటపడింది.

“నల్లరాయి దొరగారు మా గుమ్మం తొక్కారే!” అన్నాడు తాత తలెత్తకుండానే. “దారి తప్పారా?”

“బాగున్నావా తాతా?”

“బాగోకపోతే బాగుచేస్తావా? కూర్చో. ఆ బండ మీద కాదు, అది అమ్ముడుపోయింది. నీ బరువుకి విరిగితే నాకు తంటా.”

మేస్త్రి గొంతుక్కూర్చున్నాడు. కొంచెంసేపు ఎండ గురించి, మోకాళ్ళ గురించి మాట్లాడాడు. తర్వాత, “తాతా, మాటవరసకి అడుగుతున్నా. ఎవడో ఒకడు పొరరాయిని గోడలోంచి బయటికి నిలిపాడనుకో. పొరలు గోడకి ఎదురుగా నిలువునా ఉండేట్టు. దాని మీద బరువు వేశాడనుకో...”

“ఎవడో ఒకడు.”

“ఆఁ. ఎవడో.”

తాత పక్కనున్న పలకలు నాలుగు తీసి, ఒకదాని వెనక ఒకటి గోడకి ఆనించి నిలబెట్టాడు. ముందున్న పలక పై అంచు మీద బొటనవేలు పెట్టి నొక్కాడు. అది జారి కిందపడింది. తర్వాత రెండోది, తర్వాత మూడోది.

“చూశావుగా. నీ నల్లరాయి నిప్పులో ఉడికి, ముద్దగా పుట్టింది. దానికి కింద లేదు, మీద లేదు. ఇది అలా కాదు, ఏటి అడుగున పడుకుని పుట్టింది. పడుకున్నదాన్ని పడుకున్నట్టు ఉంచితే కొండనైనా మోస్తుంది. గోడలోంచి బయటికి నిలపాలంటే పొరలన్నీ గోడలోంచే రావాలి, గూట్లో పక్కపక్కన పెట్టిన పుస్తకాల్లా. ప్రతి పొరకీ ఒక కొస గోడ పట్టులో ఉండాలి. లేకపోతే ఈ పలకల్లాగే రాలిపోతుంది.”

“ఎన్నాళ్ళకి రాలుతుంది?”

“దాన్నడుగు. ఇరవై ఏళ్ళు ఉండొచ్చు. ఈ పూట పోవచ్చు.”

“సుత్తితో కొట్టి వింటే తెలుస్తుందా?”

తాత మొదటిసారి అతని మొహంలోకి చూశాడు. “నీ చెవి నల్లరాయి చెవి. ఇది మంచిదైనా ఖంగుమనదు, చెడ్డదైనా ఖంగుమనదు. సున్నం గీకి కళ్ళతో చూడాలి. చూస్తే అన్నీ చూడు. అనుమానమున్న ఒక్కదాన్నే చూసి దిగిపోకు.”

“నువ్వు అప్పుడు ఆ రాయిని చూశావు కదా. నువ్వే చెప్పరాదూ, అది...”

“ఇప్పుడు ‘ఎవడో’ పోయి ‘ఆ రాయి’ వచ్చిందే!” తాత మళ్ళీ చీల మీదికి వంగాడు. “అప్పుడు చెప్పాను, నమ్మావా? ఇప్పుడు చెబితే మాత్రం ఏం నమ్ముతావు? వెళ్ళి నీ కళ్ళతో చూసుకో పో.”

*

శుక్రవారం బడి గంట కొట్టకముందే హెడ్మాస్టరమ్మ గది బయట నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే వెళ్ళాడు, కూర్చోమంటే కూర్చోలేదు. రాత్రంతా కూడబెట్టుకున్న మాటలన్నీ ఎటో పోయాయి.

“అమ్మా, రేపు పిల్లల్ని పైకి ఎక్కించకండి.”

“మళ్ళీ అదేనా? ఎందుకో చెప్పండి.”

“ఆరు రాళ్ళలో ఒకటి నల్లరాయి కాదు. పొరరాయి. దాన్ని నేను తప్పుగా చెక్కాను. తెలిసినవాడు చెప్పినా వినలేదు. మొన్న పిల్లల ముందు కూడా అబద్ధమే చెప్పాను.”

ఆమె కలం మూత పెట్టింది. వాకిట్లో పిల్లలు ఒకరొకరే వస్తున్నారు, బుట్టలు, సంచులు, నవ్వులు.

“పదకొండేళ్ళుగా నా పిల్లలు దాని మీద తిరుగుతున్నారు” అంది చివరికి. గొంతు పెంచలేదు. పెంచినా బాగుండుననుకున్నాడు మేస్త్రి.

ఆ పూటే మేడమీది గదులు మూయించింది. ఆయాను పిలిచి మెట్లకు అడ్డంగా బల్ల పెట్టించింది. మేస్త్రి భార్య బల్ల లాక్కొచ్చి పెట్టి, మొగుడి వైపు చూసింది. ఏమిటని అడగలేదు. అడగకుండానే ఆమె మొహంలో వెలుగు తగ్గింది.

మేస్త్రి ఇద్దరు కూలీలతో వసారా కింద బరువంతా ఆపేలా లావుపాటి దుంగలు నిలబెట్టించి, అడుగున చెక్క ముక్కలు దూర్చి బిగించాడు. పరంజా ఎక్కాడు. మెట్ల నుంచి రెండో రాయి దగ్గర ఆగి, ఉలి అంచుతో సున్నం గీకడం మొదలుపెట్టాడు. పెచ్చులు కళ్ళలో పడుతున్నాయి. కింద గోధుమరంగు కనిపించింది. తడిగుడ్డతో తుడిచాడు. గీతలు తేలాయి.

ఎంతసేపు చూసినా అతనికి ఒకటే కనిపిస్తోంది. గీతలు గోడలోంచి వస్తున్నాయి. గూట్లో పుస్తకాల్లా పక్కపక్కన నిలబడి, ప్రతి ఒక్కటీ గోడ లోపలికి వెళుతోంది. ఒక్క పొర కూడా ఊడలేదు.

ఇది తను చెక్కిన రాయి కాదు. వేళ్ళతో తడిమాడు. తన ఉలి పని చుక్కలు చుక్కలుగా ఉంటుంది, పొడుచుకుంటూ పోతాడు. ఇక్కడ బెత్తెడు పొడవున ఒకదాని పక్కన ఒకటి ఏటవాలు గాట్లున్నాయి. అలా మెత్తగా లాగి కొట్టే చెయ్యి ఊళ్ళో ఒక్కటే ఉంది.

“ఒరేయ్” అని కింద ఉన్న పాత కూలీని పిలిచాడు. “నాకు జ్వరం వచ్చినప్పుడు ఇది ఎవరు పెట్టారు?”

కూలీ బుర్ర గోక్కున్నాడు. “మేమే పెట్టాం. రాయి మాత్రం పలకల తాత తెచ్చాడు. రోజంతా వాకిట్లో కూర్చుని కొత్తది చెక్కాడు. మర్నాడు మధ్యాహ్నం దాకా ఉండి, పాతది పట్టుకుపోయాడు. మీరే చెప్పారనుకున్నాం. మీతో చెప్పలేదా?”

మేస్త్రికి కొండంత భారం దిగింది. కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకున్నాడు, ఈసారి మాటలు వచ్చాయి. దిగిపోదామని ఒక కాలు కింది కర్ర మీద పెట్టాడు కూడా.

అన్నీ చూడమన్నాడు తాత.

విసుగ్గానే మొదటి నల్లరాయి మీద సుత్తితో తాటించాడు. ఖంగుమంది. మూడోది ఖంగు. నాలుగోది ఖంగు. పరంజా మీద పక్కకు జరిగి అయిదోది కొట్టాడు.

థప్.

మళ్ళీ కొట్టాడు. థప్. చెవి దగ్గరగా పెట్టి, పైన కొట్టాడు, పక్కన కొట్టాడు. తడి మట్టికుండను కొట్టినట్టుంది. సున్నం గీకాడు. తెలుపు కింద తెలుపు రాలేదు, మసి వచ్చింది. గోడను ఆనుకున్న చోట, వెంట్రుక కంటే కొంచెం లావుగా ఒక గీత అడుగు నుంచి పైదాకా పాకింది. ఉలి మొన పెడితే లోపలికి దిగింది. ఆరోదాన్నీ కొట్టి చూశాడు, అది ఖంగుమంది. మళ్ళీ అయిదోదాని దగ్గరకే వచ్చాడు.

“ఇక్కడ మంట పెట్టారా?” అని కిందికి కేకేశాడు.

కింద భార్య నిలబడి ఉంది. “వంటపాక కురుస్తోందని మూడు వానాకాలాలు పొయ్యి ఇక్కడే కదా. ఎత్తు గట్టు కట్టి, దుంగలు పెట్టి వండారు. మంట ఆ రాయిదాకా లేచేది. వాన జల్లు పడితే రాయి చుంయ్‌మనేది. ఏం?”

కొండ మీద నల్లబండ విడగొట్టాలంటే దానిమీద మంట వేసి, కాగాక నీళ్ళు కొడతారు. అది అతనికి పన్నెండో ఏటి నుంచీ తెలుసు. నిప్పులో పుట్టినదాన్ని నిప్పేం చేస్తుందిలే అని ఈ రాళ్ళ వంక అతను మళ్ళీ చూడనే లేదు. నమ్మనిదాని గురించి పదకొండేళ్ళు భయపడ్డాడు. నమ్మింది అతనికి తెలియకుండానే విరిగింది.

నూట నలభై మంది. ముందు వరస. మేస్త్రి పరంజా కర్రను రెండు చేతులా పట్టుకున్నాడు. దిగడానికి కూలీలు పట్టుకోవలసి వచ్చింది. నేలమీద కూర్చోబెడితే పళ్ళు టకటకా కొట్టుకున్నాయి, ఎండలో. భార్య పక్కన కూర్చుని కొంగుతో అతని మొహంమీది సున్నం తుడిచింది.

“ఏదయ్యా పగిలింది? తప్పుగా పెట్టినదేనా?”

“కాదే” అన్నాడు. “బాగా పెట్టినది.”

*

శనివారం ఫోటో వాకిట్లోనే తీశారు. పొడుగువాళ్ళు బల్లలెక్కారు, చిన్నవాళ్ళు నేలమీద కూర్చున్నారు. ముందు వరసలో ఆయా ఇస్త్రీ చీర కట్టుకుని, ఊపిరి బిగబట్టి నిలబడింది. మేస్త్రి గేటు బయట నుంచి చూశాడు. అంతా అయ్యాక హెడ్మాస్టరమ్మ అతని దగ్గరకొచ్చింది.

“పగిలినదాన్ని మీరే మార్చాలి.”

“మారుస్తానమ్మా. కూలి వద్దు.”

“కొత్త గదులు మాత్రం వేరేవాళ్ళకి ఇస్తున్నాం. మీరు చెప్పారు కాబట్టే పిల్లలు దక్కారు. అది నాకు తెలుసు. కమిటీకి చెప్పాను. వాళ్ళు ఆ మాట వినలేదు, అబద్ధం మాటే విన్నారు.”

“వాళ్ళ తప్పేం లేదమ్మా” అన్నాడు.

ఆదివారం తెల్లవారగానే సుత్తి సంచీ భుజాన వేసుకుని తాత పాకకు వెళ్ళాడు. తాత మొహం కడుక్కుంటున్నాడు.

“చూశావా?”

“చూశాను తాతా. అన్నీ చూశాను.” చొక్కా విప్పి కొయ్యకు తగిలించాడు. “నాకు చెప్పకుండా ఎందుకు చేశావు?”

“చెబితే తీసేసేవాడివి. అప్పుడు నీ నోరు అలాంటిది.” తాత తుండుతో మెడ తుడుచుకున్నాడు. “నీకోసం చేశాననుకుంటున్నావేమో! రాయి నాది. రేపు ఊడితే తాత రాయి ఊడిందంటారు గానీ మేస్త్రి బుద్ధి ఊడిందంటారా? ఏంటా చొక్కా విప్పడం?”

“నీకు ఒకటిన్నర రోజు పని బాకీ. రోజుకి రోజు.”

“పదకొండేళ్ళకి వడ్డీ?”

“వడ్డీ తిట్టు. పడతాను.”

తాత తిట్టాడు, పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా. చీల ఏటవాలుగా పెట్టినందుకు తిట్టాడు, ఒకే దెబ్బకి లేపాలని చూసినందుకు తిట్టాడు, రెండు పలకలు అడ్డంగా విరగ్గొట్టినందుకు మరీ తిట్టాడు. “మొత్తుతావేంటిరా, అడగరా దాన్ని! ఎటు విడుస్తావే అని అడుగు!” నలభై ఏళ్ళు నల్లరాయిని మొత్తిన చేతులు ఆ చిన్న దెబ్బలకు నొప్పి పుట్టాయి. సోమవారం పొద్దున మళ్ళీ వచ్చాడు. ఎండ నడినెత్తికి వస్తుండగా, చీలల వరస మీద అయిదోసారి తిరిగి వస్తుంటే చిట్‌మంది. పొర నిండుగా, అంచు చెదరకుండా లేచింది.

తాత దాని మీద అరచెయ్యి వేసి ఈ చివర నుంచి ఆ చివరకు రాశాడు. తిట్టలేదు.

దూరంగా బడిలో మధ్యాహ్నం గంట మోగింది. మేస్త్రి విననట్టు ఇంకో బండను ముందుకు లాక్కుని చీల పెట్టబోయాడు. తాత ఆడే చేత్తో అతని సుత్తి పట్టుకున్నాడు.

“ఒకటిన్నర రోజు అయింది. లే.”

“ఇది కూడా చీల్చి పోతాను తాతా.”

“వద్దు. ఎక్కువ చేస్తే నేను నీకు బాకీ పడతాను. ఈ వయసులో ఎక్కడ తీర్చను?”